పట్టానంటేనే వదలాలి

మా పిన్నిని చూసి ఎవరైనా "పాపం" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అనేవాళ్ళేం తక్కువ కాదు. "పాపం, ఆడమనిషి, బతుకంతా గాజు మోసింది." "పాపం, కడుపున పుట్టని పిల్లలిద్దర్ని నెత్తినేసుకుంది." మా బాబాయి సంగతి కాస్త చూచాయగా తెలిసినవాళ్ళయితే గొంతు తగ్గించి, "పాపం, దానికి తోడు ఆ మొగుడొకడు" అని కూడా అంటారు. ఆ జాలేదో వాళ్ళ దగ్గరే దాచుకోమనండి. ఈ ఊళ్ళో పెద్దాసుపత్రి ముందు తలుపుల్లోనో, రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చే గదిలోనో, గ్రంథాలయం మెట్ల పైనున్న నిలువెత్తు కిటికీలోనో మీ మొహం మీరు చూసుకున్నారంటే, అది మా పిన్ని బిగించిన గాజులోనే చూసుకున్నారు. పాపమేమిటి, పాపం!

ఊరందరికీ ఆవిడ మేస్త్రమ్మ. అసలు పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు.

వాళ్ళ నాన్నకి వీధి చివర గాజు కొట్టు ఉండేది. రెండు షట్టర్లు, లోపల గోడ పొడుగునా చెక్క చట్రాల్లో నిలువుగా ఆనించిన పలకలు, మధ్యలో కంబళి పరిచిన కోత బల్ల. కొడుకు పుడితే పని నేర్పాలని ఆయన చాలాకాలం ఎదురుచూశాడు. కొడుకు పుట్టలేదు. ఆయన ఎదురుచూస్తూ ఉండగానే కూతురు పక్కన నిలబడి పనంతా నేర్చేసుకుంది. గాజు కోసే పిడికి చివర బఠాణీ గింజంత చక్రం ఉంటుంది. దాన్ని కిరసనాయిల్లో ముంచి, బద్ద ఆనించి, పైనుంచి కింది దాకా ఒకే ఒక్క గీత గియ్యాలి. అదే గీత మీద రెండోసారి చెయ్యి పడిందంటే గాజు దానికి తోచిన దారిన పగులుతుంది. "నా మాటా అంతే, ఒక్కసారే చెప్తాను" అనేది ఆవిడ. ఆవిడ ఆడిన అబద్ధాల్లోకెల్లా పెద్దది అదే. ఏ మాటైనా చెవులు చిల్లులు పడేదాకా చెప్పేది.

ఆ కొట్లో ఒక కట్టుబాటు ఉంది. పెద్ద పలకని ఇద్దరు మోస్తారు. అది ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి మారేటప్పుడు, అందుకునే మనిషి "పట్టాను" అని పైకి అనాలి. తల ఊపితే చాలదు, ఊఁ కొడితే చాలదు. ఆ మాట చెవిన పడేదాకా ఇచ్చే మనిషి వదలకూడదు. వాళ్ళ నాన్న బొటనవేలు ఆ మాట వినకుండా వదిలినందుకే పోయిందట. రెండో పాఠం, జారిపోయే గాజుకి చెయ్యి అడ్డం పెట్టకూడదు. పోతే పోనిచ్చి వెనక్కి దూకాలి. "గాజు మళ్ళీ కొనుక్కోవచ్చు. చేతులు ఏ కొట్లో అమ్ముతారో చెప్పు, నేనూ వస్తాను" అనేది.

ఈ రెండు పాఠాలూ నేర్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఆవిడ నోటికి తట్టుకుని నిలిచినవాళ్ళు లేరు. వచ్చినవాడు వచ్చిన దారినే పోయేవాడు. చివరికి మా బాబాయి వచ్చాడు.

బాబాయి అంటే మా నాన్నకి తమ్ముడు. కొండంత మనిషి, నోట్లో నాలుక లేనివాడు. ఆవిడ తిడుతుంటే వినేవాడు, తిట్టడం అయిపోయాక పని చేసుకునేవాడు. తిట్టీ తిట్టీ ఆవిడకి ఓపిక అయిపోయేది గానీ వినడంలో ఆయనకి ఓపిక తరిగేది కాదు. వాళ్ళిద్దరి మధ్యా మాటలంటే "ఎడమకి", "మెల్లగా", "పట్టాను", అంతే. ఆ మూడు మాటలతోనే ఊళ్ళో సగం కిటికీలు బిగించారు.

రెండు విషయాల్లో మాత్రం ఆయన ఆవిడకి ఎప్పుడూ అంతుపట్టలేదు. గాజు మోసుకెళ్ళే బండి సీటు వెనక ఎప్పుడు చూసినా ఒక చొక్కా, ఒక పంట్లాం మడతపెట్టి ఉండేవి. "మనం వెళ్ళేది గాజు బిగించడానికా, నీ పెళ్ళిచూపులకా?" అని అడిగేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఇంకొకటి రక్తం. పనిలో ఆవిడ చెయ్యి తెగిందంటే చాలు, ఈయన మొహం పాలిపోయేది. గబగబా కొట్టు వెనక పెరట్లోకి పోయి రేకు తలుపు వేసేసుకునేవాడు. ఎంతసేపటికో గానీ బయటికి వచ్చేవాడు కాదు. ఆవిడ పళ్ళతో గుడ్డ లాగి తన కట్టు తనే కట్టుకుంటూ, "ఇంత ఒళ్ళిచ్చిన దేవుడు దానికి తగ్గ గుండె ఇవ్వడం మర్చిపోయాడు" అని ఎగతాళి చేసేది. ఆ రేకు తలుపు లోపలివైపు గీతలు పడుతుంటే, గోడ దూకి వస్తున్నాయని వీధి కుక్కల్ని తిట్టిపోసేది.

మేము వచ్చేనాటికి వాళ్ళ సంగతి ఇది.

మా అమ్మ తమ్ముడి పురిట్లోనే పోయింది. తర్వాత కొన్నేళ్ళకి నాన్న జ్వరంతో పోయాడు. నాకప్పటికి నా జడ నేనే వేసుకోవడం వచ్చు. తమ్ముడికి ఏ చెప్పు ఏ కాలిదో ఇంకా తెలియదు. నాన్నకీ బాబాయికీ అక్క, మా మేనత్త, మా ఇద్దర్నీ ఒక రేకుపెట్టెతో సహా తీసుకొచ్చి గాజు కొట్టు ముందు దింపింది.

"ఒరేయ్, నా సంసారం నీకు తెలిసిందే" అంది బాబాయితో. "వేసవి సెలవులయ్యేదాకా నీ దగ్గర ఉంచుకో. బడి తెరిచే ముందు నేనొచ్చి పిల్లదాన్ని తీసుకుపోతాను, ఇంట్లో చేతికింద ఆసరాగా ఉంటుంది. పిల్లాణ్ణి ఎక్కడైనా హాస్టల్లో వేద్దాం."

"ఇద్దర్నీ విడదీస్తావా అక్కా?"

"విడదీయక? నువ్వు పెంచుతావా?" అత్త గొంతు తగ్గించింది గానీ నాకు వినపడింది. "నీ సంగతి నీకు తెలీదట్రా? ఏ క్షణాన ఏమవుతావో నీకే తెలీదు. నీ దగ్గర పసిపిల్లలేంటి?"

నేను తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. రాత్రి నా జడ కొస గుప్పిట్లో పెట్టుకుంటే గానీ వాడికి నిద్ర పట్టదు. హాస్టల్లో వాడికి ఎవరి జడ దొరుకుతుంది? సెలవులన్నాళ్ళూ నా మనసులో ఉన్న భయం అదొక్కటే.

లోపల్నుంచి మేస్త్రమ్మ వచ్చింది. చీర మీద మగవాళ్ళ చొక్కా, చేతికి గాజు అతికించే లప్పం.

"ఎవరీ పిల్లలు?"

"మా అన్నయ్య పిల్లలు, మేస్త్రమ్మా."

"ఇది గాజు కొట్టు, పిల్లల బడి కాదు. సాయంత్రంలోగా ఎక్కడ ఉంచుతావో ఉంచుకో."

పెద్దవాళ్ళతో మర్యాదగా ఉండాలని నాన్న నేర్పాడు కదా. "అలాగే పిన్నీ" అన్నాను.

బాబాయి చేతిలో లప్పం కత్తి కింద పడింది. చెవులు ఎర్రగా కందిపోయాయి. బాబాయి భార్యని కదా పిన్ని అంటారు, ఆ ఆలోచన నాకెక్కడిది!

"పిన్నేంటి? ఎవరికి పిన్ని? అత్తా అను" అంది మేస్త్రమ్మ.

నేను వరసలు వేళ్ళ మీద లెక్కపెట్టాను. "అత్తంటే బాబాయికి అక్కయినా కావాలి, చెల్లెలైనా కావాలి కదండీ?"

"వద్దు, వద్దు!" అన్నాడు బాబాయి కంగారుగా. ఆ కొట్లో ఆవిడ మాటకి ఆయన అడ్డుచెప్పడం అదే మొదలు. ఆవిడ ఆయన వైపు ఒకసారి వింతగా చూసి లోపలికి వెళ్ళిపోయింది. పిన్ని అన్న పిలుపు అలా మిగిలిపోయింది.

మర్నాడు బాబాయి తన అద్దె గది నుంచి మమ్మల్ని వెంటబెట్టుకుని కొట్టుకి వచ్చేసరికి, మా ఎత్తుకి అందే ప్రతి గాజు అంచుకీ పాత దుప్పటి పీలికలు అంటించి ఉన్నాయి. బాబాయి వాటిని చూసి ఆవిడ వైపు చూశాడు. "అంచులు చిట్లుతాయని అంటించాను. ఎవరి కోసమో కాదు" అంది ఆవిడ, ఎవరూ అడక్కుండానే.

ఆ సెలవుల్లో మాకు చదువు చెప్పింది కూడా ఆవిడే. ఆ చదువులో ఉన్నది ఒకటే మాట. మంచినీళ్ళ గ్లాసు ఇస్తే "పట్టాను" అనాలి. పళ్ళెం ఇస్తే "పట్టాను" అనాలి. అనకపోతే ఆవిడ వదలదు, అన్నం ముందు ఎంతసేపైనా అలాగే నిలబడుతుంది. తమ్ముడికి ట పలికేది కాదు. "పత్తాను" అనేవాడు. దారినపోయే వాళ్ళెవరైనా ముద్దుకి బుగ్గ పట్టుకున్నా "పత్తాను" అనేవాడు. ఆవిడ నవ్వు మేము మొదటిసారి విన్నది అప్పుడే. బాబాయి కూడా అప్పుడే విన్నాడనుకుంటాను, చేస్తున్న పని ఆపి మరీ విన్నాడు.

ఒకరోజు పొద్దున తమ్ముడికి జ్వరం కాచింది. నాన్న పోయింది జ్వరంతోనే కదా. బాబాయి వాడి నుదురు ముట్టుకున్నాడు, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, "అమ్మలూ, నువ్వు భయపడకు" అన్నాడు నాతో. తర్వాత ఇంకేం అనలేకపోయాడు.

ఎంత పొద్దెక్కినా పనికి రాలేదని పిన్ని మా గదికి వచ్చింది. తలుపు తోస్తూనే తిట్లు మొదలుపెట్టింది గానీ సగంలోనే ఆగిపోయింది. గదిలో మూల ఎలుగుబంటి కూర్చుని ఉంది. నల్లగా, గోడంత వెడల్పుగా, ముందు కాళ్ళు రెండూ చుట్టి తమ్ముణ్ణి పొట్టకి పొదువుకుని ఉంది. చిరిగిన చొక్కా పక్కన పడి ఉంది.

"అరవకండి పిన్నీ, బాబాయే" అన్నాను నేను.

ఆవిడ అరవలేదు. తలుపు పట్టుకుని చాలాసేపు చూసింది. ఆ క్షణంలో ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. నేనైతే వెళ్ళిపోతుందనే అనుకున్నాను.

"పిల్లాడికి ఒళ్ళు కాలుతోందా?" అంది.

"అవునండీ."

"మరి అలా చూస్తావేం? తడిగుడ్డ తీసుకురా." లోపలికి వచ్చి ఎలుగుబంటి ముందు చేతులు చాపి నిలబడింది. "నువ్వు వాణ్ణి ఇటివ్వు. అసలే జ్వరం, దాని మీద ఆ బొచ్చు కంబళొకటి. పట్టాను, వదులు!"

ఎలుగుబంటి బుద్ధిగా వదిలింది.

మందు తెచ్చింది, గంజి కాచింది, తడిగుడ్డలు మార్చింది. మధ్యాహ్నానికి వాడికి చెమట పట్టి జ్వరం దిగింది. మూల నుంచి ఒక పెద్ద నిట్టూర్పు వినపడింది. పిన్ని అటు చూడకుండానే దుప్పటి ఒకటి విసిరింది. కాసేపటికి బాబాయి ఆ దుప్పటి చుట్టుకుని, తల దించుకుని, వీధిలోకి బట్టల కోసం వెళ్ళాడు. బట్టలు బండిలో ఉన్నాయి మరి.

అప్పుడు నేను నాన్న చెప్పిన సంగతి చెప్పాను. మా ఇంట్లో తరానికొకరు ఇలా పుడతారు. తనవాళ్ళకి ఏదో అవుతుందన్న భయం పడితే మారిపోతారు, భయం తీరితే మామూలు మనిషే. అందుకే బాబాయి ఎవరినీ తనవాళ్ళుగా చేసుకోకుండా ఒంటరిగా ఉండిపోయాడు.

"తనవాళ్ళకైతేనేనా?" అంది పిన్ని గిన్నె తోముతూ.

"అవునండీ."

"పరాయివాళ్ళకి ఏమైనా పరవాలేదన్నమాట."

"వాళ్ళకైతే మారడండీ."

"అదేలే. ఇన్నేళ్ళబట్టీ నా చేతులు తెగుతున్నాయి. ఆయనగారికి ఒక్క వెంట్రుకైనా మొలిచిన పాపాన పోలేదు" అంది. గిన్నె దబ్బున బోర్లించింది. ఆవిడకి అంత కోపమెందుకు వచ్చిందో నాకప్పుడు తెలియలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

అయినా మర్నాడే మమ్మల్ని కొట్టు మీది గదిలోకి మార్పించింది. బాబాయీ మేమూ ఆ పైగదిలో, తను కింద కొట్టుని ఆనుకున్న ఇంట్లో. "పిల్లలు ఎండలో అంత దూరం నడిచి రావడమెందుకు?" అంది. ఈసారి కూడా ఎవరూ అడగలేదు.

సెలవులు అయిపోవచ్చాయి. గ్రంథాలయం వాళ్ళ పెద్ద కిటికీ పని వచ్చింది. అంత పెద్ద పలక ఈ ఊళ్ళో అప్పటిదాకా ఎవరూ బిగించలేదు. వేరే కొట్టువాళ్ళు రెండు ముక్కలుగా అయితే చేస్తామన్నారు. పిన్ని ఒకటే ముక్క అంది. ఆ రోజు మమ్మల్ని కూడా తీసుకువెళ్ళారు. మెట్ల పక్కన నీడలో కూర్చోబెట్టి, కదిలితే కాళ్ళు విరగ్గొడతానని పిన్ని చెప్పింది.

కిటికీ మెట్ల పైన ఉంది. బాబాయి పైన అరుగు మీద నిలబడ్డాడు. పిన్ని కింది మెట్టు మీద నుంచి పలకని నిలువునా పైకి అందిస్తోంది. ఆవిడ వెనక ఇనుప కటకటాలు. సరిగ్గా ఆ సమయంలో గేటు దగ్గర మా అత్త కనపడింది. కొట్టుకి వెళ్ళి, మేమక్కడ లేమని తెలిసి, వెతుక్కుంటూ వచ్చింది.

"రండర్రా, బస్సు వేళవుతోంది!" అని కేకేసింది.

తమ్ముడికి అర్థమైపోయింది. నా చెయ్యి విడిపించుకుని పరిగెత్తాడు. వాడు పరిగెత్తింది పిన్ని దగ్గరికి. ఆవిడకీ కటకటాలకీ మధ్య దూరి, ఆవిడ చొక్కా వెనక పట్టుకుని దాక్కున్నాడు.

అప్పుడే గాలి కొట్టింది. నిలువుగా ఉన్న పలక గాలిని ఎదుర్కుంటే ఎలా ఉంటుందో గాజు పని చేసేవాళ్ళకే తెలుసు. పలక పైఅంచు బాబాయి చేతుల్లోంచి తప్పుకుని పిన్ని మీదికి వాలింది. వెనక్కి దూకాలి. ఆవిడ తన జీవితంలో అందరికీ నేర్పిన పాఠం అది. ఆవిడ దూకలేదు. వెనక తమ్ముడున్నాడు. రెండు అరచేతులూ భుజమూ ఒడ్డి, పడే గాజుకి తనే అడ్డం నిలబడింది.

బాబాయి అరుగు మీద నుంచి దూకాడు. దూకేటప్పుడు మనిషే. కాళ్ళు నేల తాకేసరికి చొక్కా బొత్తాలు నా ఒళ్ళో పడ్డాయి. ఎలుగుబంటి వెనక కాళ్ళ మీద లేచి, చేతులు బార చాపి, పలకని రెండు అంచుల దగ్గరా పట్టుకుంది. భల్లూకపు పట్టు అని మాటవరసకి అంటారే, నేను కళ్ళారా చూశాను. గోళ్ళు గాజుకి తగలకుండా వెనక్కి వంచి, ఒట్టి అరచేతులతో పట్టుకుంది.

కానీ పిన్ని చేతులు ఇంకా గాజు మీదే ఉన్నాయి. ఆవిడ వదిలితేనే పక్కకి తప్పుకుని పిల్లాణ్ణి లాగగలదు. అవతలి పట్టు సరిగా లేకుండా వదిలిందా, అంత పలకా వాడి మీదే పడుతుంది.

"పట్టావా?" అని అరిచింది.

ఎలుగుబంటికి మాటెక్కడిది? దాని ఊపిరికి గాజు మీద ఆవిరి పడుతోంది. ఆ గాజుకి అటు దాని మొహం, ఇటు ఆవిడ మొహం. ఆవిడ దాని కళ్ళలోకి చూసింది. మాట వినకుండా వదిలి వాళ్ళ నాన్న వేలు పోగొట్టుకున్నాడు. మాట వినకుండా ఆవిడ ఏనాడూ గాజు పలక వదిలి ఎరగదు, అన్నం పళ్ళెమైనా వదల్లేదు.

"వదులుతున్నా" అంది, వదిలేసింది.

పలక వెంట్రుకవాసి కూడా కదల్లేదు. పిన్ని తమ్ముణ్ణి చంకనేసుకుని పక్కకి వచ్చేసింది. ఎలుగుబంటి పలకని మెల్లగా ఎత్తి, గోడ పక్కన పరిచిన గోనెల మీద నిలబెట్టి, బండి వెనక్కి వెళ్ళిపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. "గాజుకి చుట్టే నల్ల కంబళయ్యా. గాలికి మీద పడింది" అంది పిన్ని. ఆయన ఈనాటికీ ఆ మాట నమ్మలేదు.

బండి వెనక నుంచి బాబాయి వచ్చాడు. పెళ్ళిచూపుల చొక్కా, బొత్తాలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకున్నాడు. ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పట్టాను, మేస్త్రమ్మా."

"ఇప్పుడా చెప్పడం!" అంది ఆవిడ.

అప్పుడు ఆయన ఆవిడ అరచెయ్యి చూశాడు. అంచు కోసుకుపోయి రక్తం కారుతోంది. మొహం పాలిపోయింది, ఎప్పటిలాగే అటూ ఇటూ చూశాడు. ఇక్కడ పెరడు లేదు, రేకు తలుపు లేదు. మా అందరి ఎదుటా ఆయన ముంజేతుల మీద నల్లటి బొచ్చు లేస్తోంది.

పిన్ని ఆ చేతుల వంక చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆవిడ మొహమే మారిపోయింది.

"ఆ తలుపు మీద గీతలు..." అంది. "కుక్కలు కాదా?"

"కాదండీ."

"ప్రతిసారీనా?"

ఆయన తల దించుకున్నాడు. "మొదటి రోజు నుంచీనండీ."

మా పిన్నికి మాట రాకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఏ గాజూ పగలకుండానే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత ముక్కు ఎగబీల్చి, తెగిన చెయ్యి ఆయన ముందుకి చాపింది.

"ఆగు. మళ్ళీ మారకు, ఇంకో చొక్కా లేదు. ఇకమీదట పారిపోవడాల్లేవు. దగ్గరుండి కట్టు కట్టాలి."

ఆయన కట్టు కట్టాడు. కడుతుండగా ముంజేతుల మీద బొచ్చు మెల్లగా అణిగిపోయింది.

అత్త అప్పటికి తేరుకుంది. వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "చూశాను కదా కళ్ళారా! ఈ జంతువు దగ్గర పిల్లల్ని వదిలిపెడతానా? నువ్వు నాతో పద. వాణ్ణి హాస్టల్లో దింపి వెళ్దాం."

తమ్ముడు నా జడ పట్టుకున్నాడు.

పిన్ని వచ్చి నా రెండో చెయ్యి పట్టుకుంది. కట్టులోంచి ఇంకా వెచ్చగా తడి తగులుతోంది. ఎంత పెద్ద పలక మోసినప్పుడూ ఆవిడ అంత గట్టిగా పట్టుకుని ఉండదు.

"ఆ జంతువు లేకపోతే మీ తమ్ముడి కొడుకు ఈపాటికి కటకటాల దగ్గర పడి ఉండేవాడు" అంది. "పిల్లలిద్దరూ నా దగ్గరే ఉంటారు. ఒకే ఇంట్లో, ఒకే బళ్ళో."

"నువ్వెవరివమ్మా మా పిల్లల గురించి చెప్పడానికి?"

"పిన్నిని."

బాబాయి చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఈసారి "వద్దు" అనలేదు.

అత్త నా చెయ్యి వదల్లేదు. పిన్ని ఆవిడ కళ్ళలోకి సూటిగా చూసి, ఆ కొట్లో పని చేసిన ప్రతివాడితోనూ అనిపించిన మాట అంది.

"పట్టాను. ఇక మీరు వదలండి."

అత్త ఆవిడ మొహం చూసింది, ఆ కట్టు చూసింది. వేళ్ళు ఒక్కొక్కటే సడలించి నా చెయ్యి వదిలింది. అత్త చెడ్డదని నేననను. ఆవిడ చేతులు అప్పటికే నిండి ఉన్నాయి. బస్సు మాత్రం తప్పిపోయింది. పొద్దువాలే లోపల పలక బిగించాలి కాబట్టి అత్త చేతికి కూడా లప్పం డబ్బా ఇచ్చారు. "పట్టాను" అంటే గానీ పిన్ని ఆ డబ్బా కూడా వదల్లేదు. ఆ గాజు ఇవాళ్టికీ అక్కడే ఉంది. కింద కుడి మూల, అంత జాగ్రత్త పడినా తగిలిన చిన్న గోటి గీత ఒకటుంది, చూపిస్తే తప్ప కనపడదు.

కొట్టు ఇప్పుడు పెద్దదయింది. ముందువైపంతా గాజే. వెనక పెరటికి మాత్రం ఆ పాత తుప్పు రేకు తలుపే. మార్చమని ఎందరు చెప్పినా పిన్ని మార్చనివ్వదు. దాని లోపలివైపు గీతల మీద ఆవిడ అప్పుడప్పుడు చెయ్యి వేసి నిలబడుతుంది. ఇంత గర్వంగా నిలబడే మనిషిని పట్టుకుని పాపం అంటారు జనం.

ఇప్పుడు పెద్ద పలకలు మోసేది నేనూ తమ్ముడూ. పిన్నికి చూపు తగ్గింది, బాబాయి పక్కన స్టూలు మీద కూర్చుని చెవులతోనే పని చూస్తుంది. నేను పలక అందిస్తుంటే అక్కడ్నుంచే కేకేస్తుంది.

"పట్టానన్నాడా వాడు?"

"అన్నాడు పిన్నీ."

"అయితే వదులు."